పసుపు గుర్తు పెట్టని మనిషితో కాలిఫోర్నియా దాకా

అమెరికా వెళ్ళొచ్చానని చెబితే మా విశాఖలో అందరూ మొదట అడిగేది నయాగరా చూశారా అని. చూడలేదు. న్యూయార్క్‌లో ఆ విగ్రహమూ చూడలేదు. మూడు వారాలు అక్కడ ఉండి నేను చూసినవి రెండు ఆఫీసులు, ఒక చర్చి, ఒక సరస్సు గట్టు, బోలెడన్ని కార్ పార్కింగులు. వీటి గురించి కూడా ఎవరైనా రాస్తారా అని మా చెల్లెలు నవ్వింది. నాకు మాత్రం జలపాతాలకంటే మనుషులు ఒకరి చేత ఒకరు పని ఎలా చేయించుకుంటారో చూడడమే ఇష్టం. జీతం తీసుకునేదీ అందుకే.

గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక మధ్యరకం కంపెనీలో నేను పర్సనెల్ ఆఫీసర్ని. ఇప్పుడు దాన్ని హెచ్.ఆర్. అంటున్నారు గానీ పని మారలేదు. మనుషులను తీసుకోవడం, ఉంచుకోవడం, అప్పుడప్పుడు పంపించేయడం. కిందటేడాది ఒక అమెరికా కంపెనీ మమ్మల్ని కొనుక్కుంది. వాళ్ళ పద్ధతులేమిటో చూసి వచ్చి, మనకు పనికొచ్చేవేవో చెప్పమని మా డైరెక్టరు నన్ను పంపించారు.

వెళ్ళేముందు ఇంకో పని కూడా నెత్తిన పెట్టారు. అక్కడ జార్జియా రాష్ట్రంలో మా కంపెనీకి మొదటినుంచీ ఉన్న ఆఫీసులో సుధాకర్ అని మా మనిషి ఉన్నాడు. బాపట్ల వైపు వాడు. ఒకప్పుడు విశాఖలో ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలోకి తీసుకున్నది నేనే. తొమ్మిదేళ్ళ కిందట అమెరికా వెళ్ళాడు. పనిమంతుడు. కొత్త అధికారిణి దగ్గర అతని పేరు బాగా చెడిపోయిందనీ, మారాలంటూ మూడు నెలల గడువు పెట్టిందనీ, ఆ గడువు నేను వెళ్ళే నెలలోనే ముగుస్తుందనీ కబురు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి రెండు నెలలే సమయం. దొరక్కపోతే భార్యాబిడ్డలతో సహా మూటాముల్లె సర్దుకోవలసిందే. అసలు సంగతేమిటో చూసి, వీలైతే నిలబెట్టి రమ్మన్నారు డైరెక్టరు.

కమ్మింగ్: సిగ్నల్ లేని కూడలి

అట్లాంటా ఎయిర్‌పోర్టుకు సుధాకరే వచ్చాడు. జుట్టు పలచబడింది, మర్యాద మాత్రం అలాగే ఉంది. నా సూట్‌కేసు లాక్కుని, "జర్నీలో ఏమైనా తిన్నారా మేడమ్" అని అడిగాడు. అతను ఉండే కమ్మింగ్ అక్కడికి గంట పైన ప్రయాణం. దారంతా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, మధ్యలో పైన్ చెట్లు. ఊళ్ళోకి రాగానే తెలుగు పేర్లున్న కిరాణా దుకాణం, ట్యూషన్ సెంటరు, బిర్యానీ హోటలు వరసగా కనిపించాయి. గోంగూర కట్టలు మా ఎం.వి.పి. కాలనీ రైతుబజారులోకంటే నిగనిగలాడుతున్నాయి. ధర అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, ఇక ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దేని ధరా అడగలేదు.

నాకు మొదట నచ్చింది ఒక నాలుగు దారుల కూడలి. సిగ్నల్ లేదు, పోలీసు లేడు. నాలుగు వైపుల నుంచీ వచ్చిన కార్లు ఆగుతాయి. ఎవరు ముందు వచ్చి ఆగితే వాళ్ళు ముందు వెళతారు. ఎవరూ హారన్ కొట్టరు. మా విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో ఇలా చేస్తే సాయంత్రం దాకా అక్కడే ఉంటామని అన్నాను. సుధాకర్ నవ్వి, తనకు ఇప్పటికీ అక్కడ భయమేనన్నాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే ఎవరు వెళ్ళాలో తెలియక, అందరూ వెళ్ళేదాకా ఆగిపోతాడట.

సుధాకర్ భార్య సునీత ఒక డేకేర్‌లో పిల్లలను చూసుకునే పని చేస్తోంది. ఆమె వర్క్ పర్మిట్ కూడా సుధాకర్ వీసాకు ముడిపడే ఉంది. అతని ఉద్యోగం పోతే ఈమెదీ పోతుంది. కూతురు గ్రేస్ తొమ్మిదో తరగతి, స్కూలు బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. రాత్రి భోజనంలో చేపల పులుసు పెట్టారు. తింటున్నంతసేపూ ఎవరూ ఆఫీసు ఊసెత్తలేదు. చేతులు కడుక్కున్నాక సునీత నా పక్కన నిలబడి, "మీరు చెప్తే వింటారు కదా అక్కా వాళ్ళు" అంది. నా మాట ఎంతవరకు చెల్లుతుందో నాకే తెలియదు. "ఏం కాదులే, నేను మాట్లాడతాను" అన్నాను. మా ఉద్యోగంలో మొదట వంటబట్టే వాక్యం అదే. ఆమె ముఖం కాస్త తేటపడింది.

సరస్సు గట్టు మీద నలభై శాతం

మరునాడు ఆదివారం. నేను క్రైస్తవురాలిని కాను గానీ ఇంట్లో అందరూ చర్చికి బయల్దేరితే ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తానని నేనూ వెళ్ళాను. ఒక అమెరికన్ చర్చిలో హాలు అద్దెకు తీసుకుని తెలుగు ఆరాధన జరుపుకుంటారు. నన్ను అందరూ "వందనాలు సిస్టర్" అని పలకరించారు. పాటలు బాగున్నాయి. పాస్టరు గారు ప్రకటనలు చదువుతూ ప్రతిదానికీ "ప్రభువు చిత్తమైతే" అని చేర్చారు. ప్రభువు చిత్తమైతే బుధవారం ప్రార్థన కూడిక, ప్రభువు చిత్తమైతే వచ్చే నెల బాప్తిస్మాలు. రేపటి సంగతి మన చేతుల్లో లేదని ఇంత హాయిగా ఒప్పుకునే మనుషులను చూసి ముచ్చటేసింది.

ఆరాధన తరవాత లేక్ లేనియర్ దగ్గర పిక్నిక్. ఏర్పాట్లన్నీ సుధాకర్‌వే. ఎవరు పులిహోర తేవాలో, ఎవరు చికెన్ తేవాలో, ముసలివాళ్ళను ఎవరి కార్లో ఎక్కించాలో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఒక్కటే లోటు. పార్కులో కప్పు ఉన్న మంటపాన్ని ముందుగా అద్దెకు తీసుకోవచ్చు. తీసుకోలేదు.

బయల్దేరేముందు గ్రేస్ ఫోన్ చూసి వాన నలభై శాతం అంది. పెద్దవాళ్ళలో ఒకాయన "పడుతుందా, పడదా, అది చెప్పమ్మా" అన్నాడు.

"అంకుల్, ఫార్టీ పర్సెంట్ అంటే మేబీ. వాళ్ళు ఎస్ ఆర్ నో చెప్పరు" అంది ఆ పిల్ల.

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. సుధాకర్ వైపు తిరిగాడు. సుధాకర్ ఆకాశం చూసి, "పడదు అంకుల్" అన్నాడు. అందరికీ ప్రాణం కుదుటపడింది. వడ్డన మొదలుపెట్టిన కాసేపటికి వాన దంచింది. పులిహోర పళ్ళెం మీద గొడుగు పట్టుకుని నేనూ, చికెన్ గిన్నెలతో సునీతా ఒక కారు డిక్కీ తలుపు కింద నక్కాం. పక్కనే ఒక తెల్లవాళ్ళ కుటుంబం ఎండ కాస్తున్నప్పుడే గుడ్డ పందిరి వేసుకుని ఉంది. వాన పడకపోతే ఆ శ్రమంతా వృథా కదా అని నేను అప్పటికే మనసులో నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు వాళ్ళే సగం పందిరి మాకిచ్చారు. సుధాకర్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతను పడదన్నాడంటే పడకూడదనే అన్నాడని అందరికీ తెలుసు.

ఆఫీసులో మూడు రంగులు

సోమవారం నుంచి రెండు వారాలు సుధాకర్ ఆఫీసులో కూర్చున్నాను. పదిమంది పట్టే చిన్న ఆఫీసు. వాళ్ళ మీద అధికారి డయాన్ కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో ఉంటుంది. వారానికోసారి తెర మీద కనిపిస్తుంది. ఆవిడ పెట్టిన పద్ధతి ఒక బోర్డు. ప్రతి పనికీ ఎదురుగా దాన్ని చూసుకునేవాళ్ళు ఒక రంగు పెట్టాలి. సజావుగా సాగుతుంటే ఆకుపచ్చ. చెడిపోతే ఎరుపు. ఏమవుతుందో చెప్పలేకపోతే పసుపు.

సుధాకర్ చేతిలో ఉన్నది పెద్ద పని. మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక ఖాతాదారు కంపెనీ గోదాముల లెక్కలన్నీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చాలి. మొదటినుంచీ వారం వారం అతను పెట్టిన రంగులు చూశాను. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆపైన హఠాత్తుగా ఎరుపు. కాస్త ఆగి మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు. ఒక్క పసుపు లేదు. మిగతావాళ్ళ వరసలు చూస్తే పసుపుమయం. అందులో బెన్ అనే అతను పనికంటే ఎక్కువగా పసుపే పెడతాడు. అతనికి గడువు మీద గడువు, మనిషి మీద మనిషి ఇచ్చారు.

ఎందుకు పెట్టవని అడిగాను. మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర సునీత కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా మూత తీస్తూ చెప్పాడు.

"పసుపు పెడితే నాకు చేతకాదని నేనే రాసిచ్చినట్టు కదా మేడమ్. సాటర్డే, సండే కూర్చుని ఎలాగోలా గ్రీన్ చేసేద్దామని చూస్తాను. కుదరనప్పుడే రెడ్ పడుతుంది."

నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా విశాఖ ఆఫీసులో పైవాళ్ళు "శుక్రవారానికి అవుతుందా" అంటే "అయిపోతుంది సార్" అనడమే వినయం. అవుతుందో లేదో తరవాతి సంగతి. అధికారికి కూడా తెలుసు. శుక్రవారమన్నాడంటే ఆ తరవాతి బుధవారానికి అవుతుందని లోపల లెక్క వేసుకుని, ఖాతాదారుకు ఆ పై శుక్రవారం చెబుతాడు. అవతలివాళ్ళు ఇంకో నాలుగు రోజులు కలుపుకుంటారు. ఎవరూ అబద్ధమాడినట్టు కాదు, ఎవరికీ నిజం చెప్పినట్టూ కాదు, బండి నడిచిపోతుంది.

ఇక్కడ డయాన్ అలా లెక్క వేసుకోదు. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చ అనే నమ్మి ఖాతాదారుకు మాటిచ్చేస్తుంది. ఎరుపు పడగానే మోసపోయాననుకుంటుంది. పసుపు పెట్టినవాళ్ళకే సాయం పంపుతుంది కాబట్టి ఇన్నాళ్ళలో సుధాకర్‌కు ఒక్క మనిషినీ ఇవ్వలేదు. అడగనివాడికి అవసరం లేదనుకుంది. అడగకుండా చేస్తున్నందుకు మెచ్చుకుంటుందని ఇతను అనుకున్నాడు. చివరికి ఆవిడ రాసిన మాట, ఇతను నమ్మదగిన మనిషి కాడని. ఆ మాట నాకు చూపించేటప్పుడు సుధాకర్ కళ్ళు నా వైపు తిప్పలేదు. నాకు బాధేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను తీసుకున్న మనుషుల్లో తాళంచెవి చేతిలో పెట్టగలిగినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలో ఇతనొకడు.

గడువు ముగింపు సమావేశానికి శాన్ రామన్ రమ్మంది డయాన్. నేనూ ఎలాగూ అక్కడికే వెళ్ళాలి. ఇద్దరం కలిసి బయల్దేరాం.

ఫ్రీమాంట్: ఏదో ఒకటి దొరకని దేశం

అట్లాంటాలో విమానం ఆలస్యమైంది. ఎంతసేపో చెప్పలేమని బోర్డు మీద రాశారు. అమెరికన్లు పుస్తకాలు తీసి చదువుకుంటూ కూర్చున్నారు. సుధాకర్ మాత్రం కౌంటరు దగ్గరికి మాటిమాటికీ వెళ్ళి ఎప్పుడు బయల్దేరుతుందని అడిగి, అదే జవాబు పట్టుకుని వచ్చాడు. చివరిసారి నేనే వెళ్ళి అడిగాను. నాకూ అదే జవాబు.

ఆకలేసి ఒక శాండ్‌విచ్ దుకాణానికి వెళ్ళాను. ఏ రొట్టె, ఏ చీజు, వేడి చేయాలా వద్దా, లోపల ఏ ఆకులు, పైన ఏ సాసు అని ఆ అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఏదో ఒకటి వేసి ఇమ్మన్నాను. ఆమె బిత్తరపోయింది. మా ఊళ్ళో అయితే సర్వరే ముఖం చూసి, ఇవాళ పెసరట్టు బాగుందని తెచ్చి పెడతాడు. అందరి తరఫునా ఎవరో ఒకరు తేల్చేసే సుఖం ఆ దేశంలో లేదు.

శాన్ రామన్ దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో మా ఆతిథేయి రమేశ్. కరీంనగర్ మనిషి. శాన్ రామన్ ఆఫీసులో డయాన్ కిందే పని చేస్తాడు. సుధాకర్‌కు ఫోన్లోనే స్నేహం. అక్కడ ఇళ్ళ ధరలు వింటే కూర్చోవాలనిపిస్తుంది. మన అగ్గిపెట్టెలాంటి ఫ్లాటుకు కూడా కోట్లే. భార్య డ్యూటీలో ఉందని రమేశే సర్వపిండి చేసి పెట్టాడు. పదిహేనేళ్ళలో ఏడు కంపెనీలు మారాడట. రెండుసార్లు వాళ్ళే తీసేశారట. ఆ మాట చెప్పేటప్పుడు జలుబు చేసి తగ్గిందన్నంత తేలికగా చెప్పాడు.

"గిక్కడ ఎవ్వల్కి ఏం తెల్వదక్కా. తెల్వదని చెప్పుడే ఇక్కడ సగం నౌకరి" అన్నాడు.

సుధాకర్ నవ్వలేదు. రమేశ్‌కు గ్రీన్ కార్డు వచ్చి చాలా కాలమైందని తరవాత నాతో మెల్లగా అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం నాకూ అర్థమైంది. కానీ రమేశ్ చెప్పిన సలహా మంచిదే. సమావేశంలో డయాన్ అడిగినప్పుడు తేదీతో పాటు అనుమానం కూడా చెప్పమన్నాడు. నేనూ అదే చెప్పాను. సుధాకర్ చాలాసేపు ఆలోచించి, మీరు చెప్పమంటే చెబుతాను మేడమ్ అన్నాడు. తన మాట మీద తనకు నమ్మకం లేదని పైవాళ్ళ ముందు చెప్పడానికి కూడా అతనికి పైవాళ్ళ అనుమతి కావలసి వచ్చింది.

శాన్ రామన్: రెండు జవాబులు

ఫ్రీమాంట్ నుంచి శాన్ రామన్‌కు రమేశ్ కార్లో వెళ్ళాం. దారి పొడవునా కొండలు. వాళ్ళు వాటిని బంగారు కొండలంటారు. నా కళ్ళకు అదంతా ఎండిపోయిన గడ్డి. శాన్ రామన్‌లో మాత్రం అన్నీ పచ్చగా, కత్తిరించినట్టు ఉన్నాయి. కాఫీ దుకాణంలో వరసలో నిలబడితే ముందూ వెనకా తెలుగే వినిపించింది.

డయాన్ నా వయసుదే. జుట్టుకు రంగు వేసుకోదు, గట్టిగా నవ్వుతుంది. మమ్మల్ని కూర్చోబెట్టి తానే నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రాక్షసిని ఊహించుకుని వచ్చిన నాకు కాస్త నిరాశే కలిగింది. పని ఎప్పటికవుతుందని సూటిగా అడిగింది. సుధాకర్ గొంతు సవరించుకున్నాడు. నవంబరు చివరికి కావచ్చనీ, కానీ తనకు నమ్మకం లేదనీ, పాత లెక్కల్లో తనకింకా అంతుపట్టనివి ఉన్నాయనీ, బోర్డు మీద ఇవాళ పసుపు పెడుతున్నాననీ ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్కే చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉన్నాడు.

డయాన్ ముఖం వెలిగిపోయింది. తొమ్మిది నెలల్లో నువ్వు నాకు పనికొచ్చే మాట చెప్పడం ఇదే మొదటిసారి అంది. అప్పటికప్పుడు ఫోన్ చేసి ఇద్దరు మనుషులను అతనికిచ్చింది. ఖాతాదారుతో తానే మాట్లాడతానంది. గడువు కాగితం అక్కడే మూసేసింది. ఇక ఆ సంగతి మరిచిపొమ్మంది. సుధాకర్ బల్ల అంచు వదిలాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఇంత చిన్న మాటకు ఒక కుటుంబం మూడు నెలలు నిద్ర మానుకుందా అనిపించింది.

అక్కడితో లేచి వచ్చి ఉంటే బాగుండేది. కానీ సునీతకు మాటిచ్చాను కదా, ఖాయం చేసుకుందామని ఒక ప్రశ్న అడిగాను. కంపెనీలు కలిశాక జార్జియా ఆఫీసు ఎత్తేస్తారని అక్కడ గుసగుసలు వినిపిస్తున్నాయి, అది నిజమేనా అని.

డయాన్ నవ్వు ఆపి మా ఇద్దరి వైపూ చూసింది. తనకు తెలియదంది. పైవాళ్ళు ఇంకా తేల్చలేదు, ఉండొచ్చు, ఉండకపోవచ్చు, తనకు తెలిసిన రోజునే మీకూ చెబుతానంది. సుధాకర్ చాలా మర్యాదగా, దాచకుండా చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ఆవిడ అతని చేయి పట్టుకుని ఊపింది. తమ మధ్య ఇక దాపరికాలు లేవని ఆవిడ నిజంగా సంతోషించింది.

పార్కింగ్‌లో

కారు దగ్గరికి వచ్చాక సుధాకర్ తలుపు మీద చేయి వేసి ఆగాడు.

"అయిపోయింది మేడమ్. ఎత్తేస్తున్నారు."

"నాకూ అలాగే అనిపించింది" అన్నాను.

మా ఇద్దరికీ ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఎందుకంటే మాకు తెలిసిన చరిత్ర అది. గాజువాకలో మా చిన్న ఆఫీసు మూసేసినప్పుడు, అంతా ఖరారైన తరవాత కూడా రెండు నెలల పాటు, అడిగిన ప్రతివాళ్ళకూ పైవాళ్ళు చెప్పిన జవాబు "ఇంకా ఏమీ అనుకోలేదు, మాకూ తెలియదు" అనే. మూసేయని ఏడాది అడిగినప్పుడు మాత్రం "పిచ్చా మీకు, వెళ్ళి పని చూసుకోండి" అని కసిరారు. కసిరితే ఉద్యోగం ఉన్నట్టు. తెలియదని మెత్తగా అంటే లేనట్టు. మా దగ్గర పదేళ్ళు పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు. డయాన్ ఎంతో మెత్తగా చెప్పింది.

వెంటనే వెతుక్కోవడం మొదలుపెట్టనా అని అడిగాడు. పెట్టమన్నాను. తీసేసిన తరవాత రెండు నెలల్లో వెతుక్కోవడంకంటే ఉద్యోగంలో ఉండగానే వెతుక్కోవడం మేలు కదా. ఆ రోజు నా లెక్కలో ఏ తప్పూ కనిపించలేదు.

రమేశ్ ఒక్కడే ఒప్పుకోలేదు. సాయంత్రం ఫ్రీమాంట్‌లో దోసెలు తింటుంటే సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు. ఆ దోసె ఖరీదు మా ఆఫీసు క్యాంటీన్‌లో వారం టిఫిన్ల ఖర్చు, రుచి మాత్రం అంతంతమాత్రం.

"ఆమె తెల్వదన్నదంటే నిజంగనే తెల్వదక్కా. మీరు ఊకె దాంట్ల ఇంకేదో ఎతుకుతున్నరు. జర ఆగుమనున్రి" అన్నాడు.

నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆగుతావని నేను పైకి అనలేదు. సుధాకరూ అనలేదు. చట్నీ మళ్ళీ తెప్పించుకున్నాం. రెండు రోజుల తరవాత సుధాకర్ జార్జియాకు, నేను విశాఖకు బయల్దేరాం.

తిరిగొచ్చాక

డైరెక్టరుకు నివేదిక ఇచ్చాను. మూడు రంగుల బోర్డు ఆయనకు ఎంతో నచ్చి వెంటనే మా ఆఫీసులోనూ పెట్టించారు. ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. ఒక్క పసుపు కూడా రాలేదు. అంతా పచ్చగా ఉందని ఆయన సంతోషిస్తున్నారు.

డిసెంబరులో సుధాకర్ మెసేజ్ పెట్టాడు. ఒహాయోలో ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం దొరికిందట. జీతం తక్కువ. గ్రీన్ కార్డు కాగితాలు మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. సునీత డేకేర్ మానేసింది. గ్రేస్ స్కూలు మధ్యలో మారింది. కొత్త స్కూల్లో బ్యాండులోకి తీసుకోవాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలట. అయినా ముందే మేలుకున్నాం మేడమ్, మీ సలహా వల్లే అని రాశాడు. చదివి తృప్తిపడ్డాను. ఒక కుటుంబాన్ని గట్టెక్కించాననుకున్నాను.

సంక్రాంతి సెలవుల తరవాత డయాన్ ఫోన్ చేసింది. జార్జియా ఆఫీసును ఉంచాలని పైవాళ్ళు తేల్చారట. ఆ ఉదయమే తెలిసింది, అందరికీ చెప్పేసింది. ఇంకా నలుగురిని తీసుకుని పెద్దది చేస్తారట, దానికి సుధాకర్‌ను అధిపతిగా పెట్టాలని తాను ఎప్పుడో అనుకుందట. పసుపు పెట్టిన రోజునే అనుకుందట. తాను ఏదీ దాచలేదు కదా, తెలిసిన రోజునే చెబుతానని మాట కూడా ఇచ్చింది కదా, మరి అతను ఎందుకు వెళ్ళిపోయాడని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

మా దగ్గర అధికారి తెలియదంటే ఎవరూ నమ్మరని చెప్పాను. అయితే తాను ఏం చెప్పి ఉండాల్సిందంది. ఎక్కడికీ వెళ్ళకు, నేనున్నానని చెప్పి ఉంటే చాలన్నాను. ఒకవేళ మూసేసి ఉంటే అది అబద్ధమయ్యేది కదా అంది. అవునన్నాను. అలాంటి మాట తాను ఎప్పటికీ చెప్పలేనంది. అది ఆవిడ వల్ల కాదని నాకూ తెలుసు.

ఆ రోజే సుధాకర్‌కు ఫోన్ చేశాను. మరెవరి నోటినుంచో వినడంకంటే నా నుంచి వినడం నయమనుకున్నాను. బయట మంచు తీస్తున్నాడట, ఆయాసపడుతూ ఎత్తాడు. ఆఫీసు ఉంటోందని, అతన్నే పైన పెట్టాలనుకున్నారని చెప్పాను. అవతల పార చప్పుడు ఆగిపోయింది.

"అప్పటికి ఆవిడకు నిజంగానే తెలియదట సుధాకర్" అన్నాను.

"లేదు మేడమ్" అన్నాడు చాలా నెమ్మదిగా. "ఆవిడకి అప్పుడే తెలుసు. నన్ను వదిలించుకోవాలనే చెప్పలేదు."

అలా కాదని చాలాసేపు నచ్చజెప్పాను. సరే మేడమ్, సరే మేడమ్ అంటూ విన్నాడు. ఫోన్ పెట్టేశాక అతను చెప్పిందే నిజమేమోనని నాకూ అనిపించింది.